చుక్క పెట్టిన గీతలు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఏడాదికి రెండు కొత్త సంవత్సరాలు వచ్చేవి. ఒకటి జనవరి ఒకటిన. ఆ రోజు ఊరంతా టపాకాయలు, కేకులు, కొత్త గౌన్లు, ఎదురైన ప్రతివాళ్ళకీ ‘బొనానే’ అని శుభాకాంక్షలు. రెండోది ఉగాది. ఆ రోజు తలంటు, చేదు పచ్చడి, కోవెల. మొదటిది మారిషస్‌లో అందరిదీ, రెండోది మా తెలుగువాళ్ళది. 1965లో రెండూ శుక్రవారమే వచ్చాయి. జనవరి ఒకటి శుక్రవారం, ఏప్రిల్ రెండు శుక్రవారం. మధ్యలో సరిగ్గా పదమూడు వారాలు. నేను చెప్పబోయేది ఆ పదమూడు వారాల సంగతి, దాని తర్వాత ఇంకో పదిహేను వారాల సంగతి. ఆ ఉగాదితో మొదలైన ఏడు పేరు విశ్వావసు. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే ఆ పేరు ఇప్పుడు మళ్ళీ వచ్చింది. నాకు అప్పుడు పది, ఇప్పుడు డెబ్బై. అది మూడోసారి వచ్చేదాకా నేను ఉండను కాబట్టి ఇప్పుడే రాసిపెడుతున్నాను.

మాది మాంటాన్ బ్లాంష్. ఇంట్లో నలుగురం. నాన్న, అమ్మ, నేను, మా నాన్నమ్మ. మేం ముగ్గురం మాట్లాడుకునేది క్రియోల్, ఈ దీవిలో అందరూ మాట్లాడే భాష. నాన్నమ్మతో మాత్రం తెలుగు, అదీ ఆమెకు వచ్చిన తెలుగు. వాళ్ళ నాన్న తెలుగునాడు నుంచి కూలీగా వచ్చి ఓడ దిగినప్పుడు తెచ్చుకున్న మాటలు, ఇక్కడ చెరకు తోటల్లో అంటుకున్న మాటలు కలిసి ఉండేవి. టీని ఆమె ఎప్పుడూ ‘దితే’ అనే అనేది. అది క్రియోల్ మాటని ఆమెకు తెలియదు, తెలుగనే అనుకునేది.

నలభై ఏళ్ళు ఆమె చెరకు తోటలో పని చేసింది, వట్టి కాళ్ళతోనే. 1964 నవంబరులో, కోత ఆఖరి వారాల్లో, నరికిన చెరకు మోడు ఒకటి ఆమె కుడి పాదంలో చిటికెన వేలి పక్కన దిగింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుని మర్నాడు మళ్ళీ పనిలోకి వెళ్ళింది. అలాంటివి ఆమెకు లెక్కలేనన్ని తగిలాయి, అన్నీ మానాయి. ఇది మానలేదు. ఆరు వారాలు గడిచాక నాన్న ఆమెను బలవంతంగా డిస్పెన్సరీకి తీసుకెళ్ళాడు. సంచీ పట్టుకుని నేనూ వెళ్ళాను.

అక్కడ కాంపౌండరుగారు నీలం రంగు మందునీళ్ళు గాజు గొట్టంలో పోసి, అందులో నాన్నమ్మ మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, దీపం మీద కాచారు. నీలం అలాగే ఉంటే మంచిది, ఆకుపచ్చకు తిరిగితే ఫరవాలేదు, పసుపు, నారింజ అయితే చెడు, ఇటుక రంగయితే మరీ చెడు అని నాకు చెప్పారు. నేను ఎనిమిది చుక్కలూ లెక్కపెట్టాను కాబట్టి ఆయనకు నేనంటే ముచ్చటేసింది. మా కళ్ళ ముందే ఆ నీలం ఇటుక రంగయింది. చక్కెర జబ్బు. శనివారాలు మాత్రమే వచ్చే డాక్టరుగారు పాదం చూసి, మాత్రలు రాసి, తిండి మార్చుకోమన్నారు. పుండు మానకపోతే వేలు తియ్యాలని, ఆలస్యమైతే వేలితో ఆగదని కూడా చెప్పారు. ఆ మాటకు అర్థం ఏమిటో మాకు ఎవరూ వివరించనక్కర్లేదు. మా వీధి చివర ఇంటి పెద్దాయనకు మొదట వేలు, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలిదాకా తీశారు. నాలుగోసారి ఆయన ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

జనవరి ఒకటిన చుట్టాలు వచ్చారు. కొత్త ఏడాదికి ఏదో ఒకటి ఒట్టు పెట్టుకోవడం మా ఇంట్లో అలవాటు. నాన్న ప్రతి ఏడూ సిగరెట్లు మానేసేవాడు, మామూలుగా మూడో తారీకుదాకా. ఆ ఏడు మాత్రం అందరి ఒట్లూ నాన్నమ్మ మీదకు మళ్ళాయి. భోజనాలయ్యాక తలా ఒకటి చెప్పడం మొదలుపెట్టారు. టీలో చక్కెర వద్దన్నాడు నాన్న. రాత్రిపూట అన్నం వద్దంది అమ్మ. మామిడిపండ్లు, లీచీలు ముట్టకూడదంది మా అత్త, మిఠాయిలు కూడా అని మా మామయ్య కలిపాడు. పొద్దున్నే కాకరకాయ రసం, వేళకు మాత్ర, పాదం రెండు పూటలా కడగడం, ఎప్పుడూ చెప్పులు వేసుకోవడం. కాలికి పుండున్న మనిషి రోజూ మైలు నడవాలన్నది మా పెద్ద మామయ్య. అది విని ఎవరూ నవ్వలేదు. నేను వరసగా రాశాను, తొమ్మిది. నాన్నమ్మ అందరి మాటలకీ తలాడిస్తూ చేతిలోని కేకు ముక్క పూర్తి చేసింది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు, ఎందుకంటే నేను గీతలు గీసుకునే పనిలో ఉన్నాను.

నేను నా లెక్కల పుస్తకం వెనక నుంచి పట్టిక వేశాను. తొమ్మిది వరసలు, రోజుకో గడి. చేసినదానికి నిలువు గీత, చెయ్యనిదానికి సున్నా. నాన్న దాన్ని చూసి, రోజూ రాత్రి భోజనానికి ముందు నింపి తనకు చూపించమన్నాడు. అంత బాధ్యత నాకెప్పుడూ ఎవరూ ఇవ్వలేదు.

మొదటి పది రోజులకు తొంభై గళ్ళు. వాటిలో గీతలు నలభై ఒకటి, సున్నాలు నలభై తొమ్మిది. నాన్నమ్మ మాత్ర వేసుకునేది, అమ్మ చేత్తో అందించేది కాబట్టి. చక్కెర లేని టీ తాగలేక పక్కింటి అక్క దగ్గరకెళ్ళి తాగొచ్చేది. ఇంట్లో చెప్పులు వేసుకోమంటే లక్ష్మీదేవి ఉన్న ఇంట్లోనా అని నన్ను కసిరేది. మైలు నడక ఒక్కరోజూ జరగలేదు. నాన్న రోజూ రాత్రి పట్టిక చూసి, పైకి ఏమీ అనకుండా పుస్తకం మూసేవాడు. ఆ మూయడంలోనే అంతా ఉండేది. నాన్నమ్మకు అక్షరాలు రావు. కానీ సున్నా గుండ్రంగా ఉంటుందని తెలుసు. పదకొండో రోజు సాయంత్రం, నేను పెన్సిలు తీస్తుంటే నా పక్కన కూర్చుంది.

“పిల్లా, ఆ గుండ్రాలు సూత్తే నాకు గుండె జారిపోతంది. మీ నాన మొకం సూడలేకుండా ఉన్నాను. ఆటిని గీతలు సేసియ్యవే.”

నేను చేశాను. ఆమె మొహం చూసి, ఆ రోజు పడాల్సిన సున్నాలన్నీ గీతలు చేశాను. ఆ రాత్రి నాన్న పుస్తకం చూసి, ‘అమ్మా, దారిలో పడ్డావు’ అన్నాడు. ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. ఇల్లంతా తేలికపడింది. మర్నాడూ చేశాను. ఆ తర్వాత ఆపడం నా చేతిలో లేకపోయింది, ఎందుకంటే ఆపితే ఒక్కసారిగా సున్నాలు వచ్చేస్తాయి, ఎందుకని అడుగుతారు.

కానీ నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏదైనా లెక్క తప్పుగా ఉండిపోతే నిద్రపట్టదు. అందుకని అబద్ధపు గీత గీసిన ప్రతిచోటా దాని కింద పెన్సిలు ములికితో కనపడీ కనపడని చుక్క పెట్టేదాన్ని. గీత నాన్నకోసం, చుక్క నాకోసం. అలా జనవరి పదకొండు నుంచి మార్చి ఇరవై ఆరు దాకా డెబ్బై ఐదు రోజులు.

మార్చి ఇరవై ఏడు శనివారం. నాన్నమ్మ పాదం వాచి, కట్టు విప్పితే వాసన వచ్చింది. డిస్పెన్సరీకి వెళితే గాజు గొట్టంలో నీళ్ళు మళ్ళీ ఇటుక రంగయ్యాయి. నాన్న నా పుస్తకం వెంట తెచ్చాడు, గొప్పగా డాక్టరుగారి బల్ల మీద పెట్టాడు. డాక్టరుగారు పేజీలు తిప్పారు. కాంపౌండరుగారూ తొంగిచూసి, ఇంత నియమంగా ఉన్న మనిషిని ఈ డిస్పెన్సరీలో ఇంతవరకు చూడలేదన్నారు. అప్పుడు డాక్టరుగారు పుస్తకం మూసి, నాన్నతో నెమ్మదిగా మాట్లాడారు. ఇంత పథ్యం చేసినా రంగు మారలేదంటే పథ్యం వల్ల, మాత్రల వల్ల ఈ మనిషికి ఉపయోగం లేదని అర్థమట. ఇంక ఎదురుచూడటం ప్రమాదమట. ఆయన కాగితం మీద రాసిచ్చారు. పెద్దాసుపత్రి, ఏప్రిల్ ఐదు, సోమవారం. వేలు తియ్యడానికి.

దారంతా నేను లెక్కలే వేసుకున్నాను. వేలు తీయమన్నది డాక్టరుగారు కాదు, నా గీతలు. నేను పెట్టిన గీతల్ని చదివి ఆయన ఆ మాట రాశారు. ఇంట్లో నేను చెప్పబోయిన ప్రతిసారీ నాన్న మొహం చూసి ఆగిపోయాను. శనివారం, ఆదివారం, సోమవారం. అప్పటికి ఏడు రోజులు మిగిలాయి.

మంగళవారం సాయంత్రం మాకు తెలుగు బడి ఉండేది, కోవెల పక్క రేకుల పందిట్లో. మా గురువుగారు పగలు చెరకు తోటలో సర్దారు, కూలీల మీద పెద్ద. సాయంత్రాలు మాకు అక్షరాలు చెప్పేవారు, పండగలకు పూజలు చేయించేవారు. ఉగాది దగ్గరపడిందని ఆ రోజు సంకల్పం అప్పగించమన్నారు. పూజకు ముందు చెప్పుకునేది అది. మనం ఎక్కడున్నామో, ఏ ఏడు, ఏ నెల, ఏ తిథి, ఏ వారమో, మనమెవరమో చెప్పి, ఆ పైన ఏం చెయ్యబోతున్నామో చెప్తాం. మా తాతలు ఓడలో తెచ్చింది తెచ్చినట్టుగా మేం అప్పగించేవాళ్ళం. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణాన, కృష్ణా గోదావరుల మధ్య. నా వంతు వచ్చింది. నేను తప్పులేకుండా చెప్పాను. ఆయన వేలెత్తి ఆపారు.

“అమ్మాయ్, నువ్వు కూర్చున్నది ఎక్కడ?”

“ఇక్కడేనండి, పందిట్లో.”

“మరి గోదావరి పక్కన కూర్చున్నది ఎవరు?”

“ఎవరో ఉంటారండి.”

“అయితే ఆ ఎవరో చేస్తార్లే, మనం ఇంటికి పోదామా?”

పిల్లలు పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వి, తానూ ముప్పై ఏళ్ళు ఆ చిరునామాయే చెప్పానని, అసలు గోదావరి ఏ రంగులో ఉంటుందో తనకు తెలియదని ఒప్పుకున్నారు. పోయిన ఏడాది ఒక పెళ్ళిలో మంత్రం చెప్తూ చెప్తూ ఆగి, నేను ఎవరింటి నుంచి మాట్లాడుతున్నానా అనిపించిందట. ఇక మీదట ఈ కోవెలలో ఇక్కడి పేరే చెప్పుకుందామన్నారు. ఆ తర్వాత మాకు పని ఇచ్చారు. ప్రతివాళ్ళూ ఉగాదికి తమ సంకల్పం తామే తెలుగులో రాయాలి. ఊరు మీది కావాలి, రోజు మీది కావాలి, ఒళ్ళు మీది కావాలి. చేసే పని ఒక్కటే ఉండాలి, అది మీ చేత్తో అయ్యేదై ఉండాలి. పక్కవాళ్ళ మీద పెట్టకూడదు, పక్కవాళ్ళు చెప్పింది రాయకూడదు. ఆరోగ్యం గురించి రాస్తే మరీ మంచిది అన్నారు, ఎందుకంటే ఒంటి సంగతి ఒకరి తరఫున ఇంకొకరు చెయ్యగలిగేది కాదు.

నా వెనక పిల్ల రోజూ పళ్ళు తోముకుంటానని రాసింది. నేను ఊరు రాశాను, విశ్వావసు అని రాశాను, శుక్రవారం అని రాశాను, నా పేరు రాశాను. ఆ పైన చెయ్యి కదల్లేదు. చివరికి ‘మా నాన్నమ్మ పుస్తకంలో నిజం రాస్తాను’ అని రాశాను. ఆయన పలక తీసుకుని చదివారు, బోర్లా పెట్టారు, పక్క పిల్ల దగ్గరకు వెళ్ళిపోయారు. అందరినీ పంపించేశాక మళ్ళీ నా దగ్గరకొచ్చి నేల మీదే కూర్చున్నారు. నేను మొత్తం చెప్పాను. ఏడుస్తూ చెప్పాను కాబట్టి ఎక్కువసేపు పట్టింది. ఆయన మధ్యలో అడ్డురాలేదు. అయ్యాక ఒకటే అడిగారు, అబద్ధపు గీతలు సుమారుగా ఎన్ని ఉంటాయని.

“సుమారుగా కాదండి. ఆరు వందల డెబ్బై ఐదులో నాలుగు వందల ముప్పై ఎనిమిది.”

ఆయన ఎలా తెలుసన్నారు. చుక్కల సంగతి చెప్పాను. ఆయన మొహంలో కోపం వస్తుందేమోనని చూస్తున్నాను, రాలేదు. ‘అబద్ధాలకు కూడా లెక్క ఉంచుకున్నావా’ అని, నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని లేపి, పద, ఆ చుక్కలు మీ నాన్నకు చూపిద్దాం అన్నారు. చెప్పాల్సింది నువ్వే, నేను పక్కనుంటాను, అంతే అన్నారు.

మేం వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. నాన్న గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. నేను పుస్తకం తెచ్చి చుక్కలు చూపించాను. నాన్న మొదటి పేజీ చూశాడు, రెండోది చూశాడు, అలా అన్నీ చూశాడు. ఆయన కొట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. లోపల మంచం మీద నుంచి నాన్నమ్మే మాట్లాడింది.

“దాన్నేటీ అనకు. నేనే ఎయ్యమన్నాను. నీ మొకం సూసి బయమేసి ఎయ్యమన్నాను.”

నాన్న తల వంచుకున్నాడు. అరవై నాలుగేళ్ళ తల్లి తన మొహం చూసి భయపడిందన్న మాట ఆయనకు ఎంత లోతుగా తగిలిందో ఆ రోజు నాకు తెలియలేదు. తర్వాత నా పిల్లలు నా దగ్గర ఒక మార్కుల కాగితం దాచినప్పుడు తెలిసింది.

గురువుగారు లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. పుస్తకం తీసుకుని తొమ్మిది వరసలూ పైకి చదివారు. ఈ తొమ్మిదీ ఎవరు చెప్పారన్నారు. అందరం కలిసి అన్నాడు నాన్న. పెద్దమ్మ ఏం చెప్పింది అన్నారు. అమ్మ, ‘అత్తయ్యను అడగలేదండి’ అంది మెల్లగా. అప్పుడాయన నాన్నమ్మ వైపు తిరిగారు.

“పెద్దమ్మా, ఆ కాలుతో నీకేం పని?”

నాన్నమ్మకు కోపం వచ్చింది. “కాలుతో పనేటని అడుగుతావేటి గురువుబాబూ? నా సిక్కుడు పాదు కాడికి నేను పోవాల. నా నీళ్ళు నేను మోసుకోవాల. ఒకరి బుజం అట్టుకుని దొడ్లోకి పోడం నావల్ల కాదు.”

“సరే. ఈ తొమ్మిదిలో నీది ఏది?”

“ఒక్కటీ నాది కాదు.” గోడవైపు చూసింది. “పొద్దుటి దితే మాత్రం నాకొగ్గీయండి. నలపై ఏళ్ళు సీకటితో లేసి పనికెళ్ళినదాన్ని, ఆ గలాసుడు తీపి నాది. మద్దేనం ఒకటి, సాయంత్రం ఒకటి, రేత్రి ఒకటి. ఆ మూడూ సక్కెర లేకుండా తాగుతాను. పక్కింట్లో కూడా.”

పక్కింట్లో కూడా అన్న మాటకు అమ్మ నవ్వేసింది. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. ప్రాణం మీదకొచ్చి ఉంటే మూడు గ్లాసుల టీ ఏం లెక్క అన్నాడు, మిగిలిన ఎనిమిదీ ఏమవ్వాలన్నాడు. గురువుగారు ఆయనకు నెమ్మదిగా చెప్పారు. మిగిలిన ఎనిమిదీ ఎక్కడికీ పోవు. కోడలు చేత్తో ఇచ్చే మాత్ర తప్పిస్తే ఇప్పటిదాకా అవి కాగితం మీదే ఉన్నాయి, ఇంకో పదిహేను రోజులు కూడా అక్కడే ఉంటాయి. ఇది ఒక్కటీ పున్నమిదాకా చేద్దాం. సున్నా పడితే పడనీ. ఎవరూ మొహం మాడ్చకూడదు. సున్నా పడిందంటే పెద్దమ్మ చెడ్డదని కాదు, ఆ పూట ఏదో అడ్డొచ్చిందని. ఏం అడ్డొచ్చిందో అడిగితే దాన్ని తప్పించవచ్చు. గీత పెట్టి మూసేస్తే ఎప్పటికీ తెలియదు.

శుక్రవారం ఉగాది. నాన్నమ్మను నాన్న వీపు మీద మోసుకుని కోవెలకు తీసుకొచ్చాడు. సంకల్పం ఆమె చేతే చెప్పించారు గురువుగారు, ఒక్కో మాటా అందిస్తూ. దక్షిణ సముద్రం నడుమ ఉన్న ఈ దీవిలో, మాంటాన్ బ్లాంష్‌లో, విశ్వావసు సంవత్సరం, చైత్ర మాసం, శుక్రవారం, నేను, నా కుడి పాదం కోసం, మా వంటింట్లో, పున్నమిదాకా, మూడు పూటల టీ చక్కెర లేకుండా తాగుతాను. పక్కనున్న ఆడవాళ్ళు కొందరు మొహాలు చూసుకున్నారు. దేవుడి ముందు టీ గురించి చెప్పడం అంతకుముందు ఎవరూ వినలేదు. నాన్నమ్మ మాత్రం నీళ్ళు వదిలినప్పుడు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. చెరకు మోపు తలకెత్తుకునే ముందు అలాగే కూర్చునేదట, అమ్మ చెప్పింది.

మర్నాడు శనివారం. డిస్పెన్సరీలో నేనే డాక్టరుగారికి చుక్కలు చూపించాను. కాంపౌండరుగారు కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కో చుక్కా చూసి, నావైపు ఒకసారి చూశారు. మునుపటి ముచ్చట ఆ చూపులో లేదు. డాక్టరుగారు పుస్తకం తిరగేసి, చుక్క లేని గీతలు ఎన్ని అన్నారు. రెండు వందల ముప్పై ఏడు, అందులో డెబ్బై ఒకటి మాత్ర వరసలోవే అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత నాన్నతో క్రియోల్‌లో ఒక మాట అన్నారు. ఆ మాట నాకు ఈనాటికీ గుర్తుంది.

“అయితే మనం ఇంకా మొదలే పెట్టలేదన్నమాట.”

వేలు ఇంకా నల్లబడలేదు. నాలుగు వారాలు చూద్దామన్నారు. రెండు రోజులకోసారి కట్టు మార్చాలి, రంగు ఏమాత్రం మారినా అదే రోజు పరిగెత్తుకు రావాలి. సోమవారం మేం పెద్దాసుపత్రికి వెళ్ళలేదు. ఆ సోమవారం ఉదయం నాన్నమ్మ తీపి టీ తాగుతుంటే మేం ముగ్గురం వంటింట్లోనే నిలబడి చూశాం. ఏటలా సూత్తారు, తాగనియ్యండి అని కసిరింది.

పున్నమికి పదిహేను రోజులు, నలభై ఐదు టీలు. గీతలు ముప్పై నాలుగు, సున్నాలు పదకొండు. పదకొండులో ఎనిమిది సాయంత్రానివే. ఎందుకంటే సాయంత్రం పక్కింటి అక్క అలవాటుకొద్దీ చక్కెర కలిపేసి ఇచ్చేది, ఇచ్చింది వద్దనడానికి నాన్నమ్మకు మొహమాటం. అమ్మ వెళ్ళి ఆమెతో ఒక మాట చెప్పింది, అంతటితో అది తీరింది. పదమూడు వారాలు గీతలు గీసినా తీరనిది. పున్నమినాడు గురువుగారు వచ్చి రెండోది ఏమిటని అడిగారు. పాదం కడుక్కుంటానంది నాన్నమ్మ, దీపం పెట్టేముందు. ఎలాగూ అప్పుడు చేతులు కడుక్కుంటుంది కదా, చెంబులో ఇంకాసిని నీళ్ళు. అలా ఆమె తనంతట తానే ఒక్కొక్కటీ తీసుకుంది. చెప్పుల సంగతి వచ్చేసరికి జూన్ అయింది. లక్ష్మీదేవి కోసం వేరే కొత్త జత కొనిపించుకుంది, వీధిలో వేసుకోనిది. మైలు నడక మాత్రం ఎన్నడూ ఆమె జాబితాలోకి రాలేదు. పెద్ద మామయ్య వచ్చినప్పుడల్లా, నువ్వు నడిసి సూపించు, ఎనకాలే వత్తాను అనేది.

గాజు గొట్టం రంగు మే నెలలో నారింజకు దిగింది, తర్వాత పసుపుకు. ఏప్రిల్ మూడు నుంచి లెక్కవేస్తే పదిహేను వారాలకు, జూలై పదిహేడు శనివారం, కాంపౌండరుగారు దీపం మీద నుంచి గొట్టం తీసి వెలుతురుకు పట్టారు. ఆకుపచ్చ. ఆ తర్వాత కట్టు విప్పారు. పుండు ఉన్నచోట గులాబీ రంగు చర్మం, చిన్న గుంట. ఆయన దూది పక్కన పెట్టి ఈరోజు కట్టు అక్కర్లేదన్నారు. నాన్నమ్మకు అర్థం కాక కాలు అలాగే చాపి కూర్చుంది. మరి గుడ్డ ఎప్పుడు కడతావని అడిగింది. పుండు మానిపోయిందని అమ్మ చెప్పింది. అప్పుడు నాన్నమ్మ వంగి, చిటికెన వేలిని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసుకుంది. నాన్న బయటకు వెళ్ళిపోయాడు. వెళ్ళి చూస్తే వరండాలో గోడకు ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి, వచ్చే ఉగాదికి దీని సంగతి చూద్దాం అన్నాడు. చూశాడు కూడా. నాలుగు ఉగాదులు పట్టింది.

1968 మార్చి పన్నెండున దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మా ఊరి బడి మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. పెద్దవాళ్ళకు కుర్చీలు వేశారు. నాన్నమ్మ కూర్చోలేదు. పది వేళ్ళూ నేల మీద ఆనించి చివరిదాకా నిలబడింది. ఆ పైన పదకొండేళ్ళు బతికింది. ఆమె చనిపోయిన ఏడు కూడా ఆమె చిక్కుడు పాదు కాసింది.

అప్పటి నుంచి ఈ విశ్వావసు దాకా, రెండు కొసలూ కలిపి లెక్కిస్తే అరవై ఒక్క ఉగాదులు. ప్రతి ఉగాదికీ నేను ఒక్కటే సంకల్పం చెప్పుకుంటాను, నా ఊరి పేరుతో, నా ఒంటి పేరుతో. అన్నీ నిలబడలేదు. నలభై మూడు నిలబడ్డాయి. ఈ ఏడు మోకాళ్ళ కోసం, పొద్దున అరగంట నడక. నెలకోసారి చూసే డాక్టరమ్మ నా మనవరాలి వయసుది. మొన్న వెళ్ళినప్పుడు, రోజూ నడుస్తున్నారా అని అడిగింది. గది బయట ఉన్నవాళ్ళందరూ ఆ ప్రశ్నకు అవునని చెప్పేవాళ్ళే. నేను ఇరవై ఎనిమిది రోజుల్లో పంతొమ్మిది అన్నాను. మిగిలిన తొమ్మిది ఏమయ్యాయంది. ఆరు రోజులు వాన, రెండు రోజులు పెళ్ళి, ఒకరోజు బద్ధకం అన్నాను. ఆమె రాస్తున్న కలం ఆపి నవ్వి, ఇలా ఎవరూ చెప్పరండీ అంది. వానరోజుల్లో ఇంట్లోనే చెయ్యగలిగే వ్యాయామం ఒకటి చూపించింది. నేను మందుల చీటీ తీసుకుని, సంచీ భుజాన వేసుకుని, చాలా తేలికగా బస్టాపుదాకా నడిచాను.